కేప్ కాడ్‌కి ఇన్ని సీళ్లు ఎక్కడి నుంచి వచ్చాయి? అక్కడి మత్స్యకారులకి వాటి మీద అంత కోపం ఎందుకు?

ప్రశ్న క్లుప్తంగా ఇదీ. న్యూజెర్సీలో ఉండే ఒకాయన వేసవి సెలవుల్లో పిల్లల్ని తీసుకుని మసాచుసెట్స్‌లోని కేప్ కాడ్ వెళ్లారు. చాటమ్ చేపల రేవులో బోట్ల కింద సీళ్లు (చేపలు తిని బతికే సముద్ర క్షీరదాలు) తలలు పైకెత్తి చూస్తుంటే పిల్లలు కేరింతలు కొట్టారు. పక్కనే చేపలు దించుతున్న మనిషి మాత్రం "వీటిని కాల్చిపారేస్తే తప్ప మాకు బతుకు లేదు" అన్నాడట. సాయంత్రం బీచ్‌కి వెళ్తే అక్కడ ఊదారంగు జెండా, దాని మీద తెల్ల సొర బొమ్మ. ఇక ఆయనకి మూడు సందేహాలు. ఇన్ని సీళ్లు ఎక్కడివి? చేపలన్నీ నిజంగా ఇవే తినేస్తున్నాయా? తగ్గించేస్తే పోదా?

సూటిగా చెప్పేస్తాను. అవి ఆ తీరంలో పాత కాపులే. మనుషులు డబ్బులిచ్చి మరీ చంపించారు, తర్వాత చట్టం ఆపింది, కెనడా వైపు నుంచి మళ్లీ వచ్చి నిండాయి. చేపలన్నీ అవే తినేశాయన్నది నిజం కాదు. కానీ రేవులో మీతో మాట్లాడినాయన అబద్ధం చెప్పాడని కూడా నేను అనను. ఆయన వలకి జరిగే నష్టం నిజమే. కాల్చడం వల్ల ఆ నష్టం తీరదు, ఎందుకో కింద చెప్తాను.

నా సంగతి రెండు ముక్కల్లో: మాది భీమిలి దగ్గర ఒక మత్స్యకార పల్లె. నాన్న తెప్ప మీద వేటకి వెళ్లేవాడు. ముత్తుకూరు ఫిషరీస్ కాలేజీలో చదివి, ఇక్కడికొచ్చి ఎం.ఎస్. చేసి, ఆ తర్వాత ఆరేళ్లు న్యూ ఇంగ్లండ్ (మసాచుసెట్స్, మెయిన్ లాంటి రాష్ట్రాలున్న అమెరికా ఈశాన్య మూల) బోట్ల మీద పరిశీలకుడిగా పనిచేశాను. అంటే మత్స్యకారులతో పాటు వేటకి వెళ్లి, వలలో ఏం పడింది, ఏం పారేశారు, ఏ జంతువు చచ్చింది అన్నీ రాసుకొచ్చే పని. ఇప్పుడు వేరే ఉద్యోగం. చలికాలం శనివారాల్లో మాత్రం ఒడ్డుకి కొట్టుకొచ్చిన సీళ్ల దగ్గర కాపలా కాసే వాలంటీర్‌ని. కాబట్టి రెండు వైపులా తిట్లు తిన్నవాణ్ణే.

ముందు చరిత్ర, ఎందుకంటే కోపం సగం అక్కడే ఉంది.

న్యూ ఇంగ్లండ్ తీరంలో స్థానిక తెగలవాళ్లు వందల ఏళ్ల కిందట తిని పారేసిన గుల్లల దిబ్బలు తవ్వితే వాటిలో సీల్ ఎముకలు దొరుకుతాయి. అంటే అప్పట్నుంచీ ఉన్నవే. తర్వాత వచ్చిన వలసదారులు నూనె కోసం, తోలు కోసం వేటాడారు. 19వ శతాబ్దం చివర్లో చేపలు తగ్గుతున్నాయని గోల మొదలైంది. దానికి బాధ్యులెవరో వెతకాలి కదా, సీళ్లు దొరికాయి. 1888 నుంచి మసాచుసెట్స్ ప్రభుత్వం సీల్ తలకి వెల కట్టింది. ముక్కు కోసి తీసుకెళ్లి ఊరి గుమాస్తాకి చూపిస్తే డబ్బు. 1962లో ఈ పద్ధతి ఆగేనాటికి ముక్కుకి 5 డాలర్లు. మెయిన్ రాష్ట్రంలోనూ ఇలాంటిదే నడిచింది. ఈ రెండు రాష్ట్రాల పాత ఖాతాలు తిరగేసి లెక్కగట్టినవాళ్లు, ఆ కాలంలో చచ్చినవి 72 వేల నుంచి 1 లక్షా 35 వేల మధ్య ఉంటాయన్నారు. ఖాతాలే అంత గజిబిజి అన్నమాట.

ఇందులో రెండు రకాల సీళ్లున్నాయి. చిన్నది హార్బర్ సీల్, కుక్కపిల్ల మొహం. పెద్దది గ్రే సీల్, గుర్రం మూతిలా పొడుగు ముక్కు. మగది 300 కిలోలు దాటుతుంది. దీని శాస్త్రీయ నామానికి అర్థం "కొక్కెం ముక్కు సముద్రపు పంది". పేరు పెట్టినవాడికి దాని మీద పెద్ద ప్రేమ లేదని తెలుస్తూనే ఉంది. మీరు చాటమ్‌లో చూసినవి దాదాపుగా ఇవే. 1960లు వచ్చేసరికి అమెరికా నీళ్లలో గ్రే సీల్ దాదాపు తుడిచిపెట్టుకుపోయింది.

1972 అక్టోబరు 21న అమెరికా సముద్ర క్షీరదాల రక్షణ చట్టం వచ్చింది. సీళ్లు, తిమింగలాలు, డాల్ఫిన్లు వేటినీ చంపకూడదు, వేధించకూడదు. ఆ వెంటనే సీళ్లు పెరిగిపోలేదు. పెరగాలంటే ముందు ఉండాలి కదా! అసలు కథ కెనడాలోని నోవా స్కోషియాకి దూరంగా సముద్రం మధ్యలో ఉన్న సేబుల్ ద్వీపంలో నడిచింది. 1960ల్లో అక్కడ ఏడాదికి పుట్టే పిల్లలు కొన్ని వందలు. 2016 వచ్చేసరికి 80 వేలు దాటాయి. ఆ ద్వీపంలో కిక్కిరిసినవి దక్షిణానికి దారి పట్టాయి. కేప్ కాడ్‌కి దక్షిణాన నాన్‌టకెట్ ద్వీపం ఉంది, దాని పక్కన మస్కీగెట్ అని ఒక చిన్న ఇసుక దిబ్బ లాంటి ద్వీపం ఉంది. 1980ల చివర్లో అక్కడ కనిపించిన పిల్లల్ని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. 2008 నాటికి 2 వేలు దాటాయి. సేబుల్‌లో చిన్నప్పుడు గుర్తు వేసిన సీళ్లు పెద్దయ్యాక మస్కీగెట్‌లో పిల్లల్ని కంటూ కనిపించాయి, అందుకే ఎక్కడి నుంచి వచ్చాయన్నదాంట్లో అనుమానం లేదు. 2016 సర్వేలో అమెరికా తీరం మొత్తం మీద పుట్టిన పిల్లలు 6 వేల పైచిలుకు. దాన్నిబట్టి అమెరికా నీళ్లలో మొత్తం గ్రే సీళ్లు సుమారు 27 వేలని అంచనా వేశారు.

ఇక్కడ చాలామంది పట్టించుకోని సంగతి ఒకటుంది. రేవులో మీతో మాట్లాడినాయనకి అరవై ఏళ్లుంటాయనుకుందాం. ఆయన చిన్నప్పుడు సీల్ అనేది కనపడని జంతువు. వాళ్ల నాన్న వేట నేర్చుకున్నదీ సీల్ లేని సముద్రంలోనే. ఆయన లెక్కలో సీల్ లేకపోవడమే మామూలు, ఉండటం వింత. శాస్త్రవేత్త వచ్చి "ఇవి మీకంటే ముందున్నవండీ" అంటే ఆయనకి ఒళ్లు మండుతుంది. మా పల్లెలో ఎవరైనా వచ్చి "మీ తాతల కాలంలో ఇక్కడ మొసళ్లుండేవి, తెచ్చి వదులుతున్నాం, సర్దుకోండి" అంటే మేమూ ఊరుకోం.

ఇప్పుడు చేపల సంగతికొద్దాం.

"చేపలన్నీ సీళ్లే తినేశాయి" అన్న మాటకి ఒకే ఒక్క పెద్ద అడ్డంకి ఉంది, తారీఖులు. ఇక్కడి కాడ్ చేప కుప్పకూలింది 1990ల మొదట్లో. కేప్ కాడ్‌కి తూర్పున సముద్రంలో ఉన్న జార్జెస్ బ్యాంక్ అనే వేట ప్రాంతంలో పెద్ద పెద్ద భాగాలు 1994 డిసెంబరులో వేటకి మూసేశారు. అప్పటికి మస్కీగెట్‌లో సీళ్లు ఇంకా కళ్లు తెరుస్తున్నాయి. కాడ్‌ని ఊడ్చేసింది 1960లు, 70ల్లో వచ్చిన విదేశీ ట్రాలర్లు, వాటిని తరిమేశాక ప్రభుత్వ రుణాలతో అమెరికా వాళ్లే కట్టుకున్న బోట్లు. తిలాపాపం తలా పిడికెడు, సీల్ పిడికిలి మాత్రం అప్పటికి చాలా చిన్నది.

సీళ్లు ఏం తింటాయో తెలుసుకునే పద్ధతి చెప్తే మీ పిల్లలకి నచ్చుతుంది. వాటి పెంట ఏరి తెచ్చి జల్లెడలో కడుగుతారు. చేప చెవి లోపల ఉండే చిన్న చిన్న చెవిరాళ్లు అరక్కుండా బయటికొస్తాయి. ఒక్కో జాతికి ఒక్కో ఆకారం. వాటిని బట్టి ఏ చేప, ఎంత పెద్దది అని చెప్పేస్తారు. ఇక్కడి గ్రే సీళ్ల తిండిలో ఎక్కువ భాగం ఇసుకలో దూరే శాండ్ ల్యాన్స్ అనే సన్న చేప, హేక్ రకాలు, నాలుక చేపల్లా బల్లపరుపుగా ఉండే ఫ్లౌండర్లు, టేకు చేపలు (స్కేట్‌లు). కాడ్ ఉంది కానీ తక్కువ. పెద్ద సీల్ రోజుకి సుమారు 5 కిలోలు తింటుంది.

ఇక్కడ నిజాయితీగా ఒక మాట చెప్పాలి. ఈ పద్ధతిలో ఒక చిల్లు ఉంది. సీల్ పెద్ద కాడ్‌ని పట్టుకున్నప్పుడు ఒక్కోసారి పొట్ట మాత్రమే కొరికి తల వదిలేస్తుంది. తల తినకపోతే చెవిరాయి కడుపులోకి పోదు, మన జల్లెడలోకీ రాదు. బోటు మీద ముసలి కెప్టెన్లు మొదట్నుంచీ అంటున్నది ఇదే. అదీగాక కెనడాలోని సెయింట్ లారెన్స్ సింధుశాఖ దక్షిణ భాగంలో, వేట దాదాపు ఆపేసినా కాడ్ కోలుకోకపోవడానికి గ్రే సీళ్లే ముఖ్య కారణమని అక్కడి ప్రభుత్వ శాస్త్రవేత్తలే చెప్తున్నారు. కూల్చింది సీల్ కాకపోయినా, కూలినదాన్ని లేవనివ్వకుండా కూర్చోగలదు. కాబట్టి "సీళ్ల వల్ల చేపలకి ఏ హానీ లేదు" అని ఎవరైనా అడ్డంగా అంటే నమ్మకండి. ఏ సముద్రం, ఏ చేప అని అడగండి.

నేను కళ్లారా చూసింది చెప్తాను.

2011 వసంతంలో ఒక చిన్న బోటు మీద వెళ్లాను. కెప్టెన్, ఇద్దరు కుర్రాళ్లు, నేను. అడుగున వేసే గిల్ నెట్, మన వాళ్లు కట్టు వల వేసినట్టే గోడలా నిలబడుతుంది. నన్ను చూడగానే కెప్టెన్ అడిగిన మొదటి ప్రశ్న, "నువ్వు సీళ్ల మనిషివా, చేపల మనిషివా?" మా నాన్న కూడా వేటకెళ్లేవాడండీ అన్నాను. ఒక్క క్షణం చూసి కాఫీ చేతికిచ్చాడు.

వల పైకి లాగుతుంటే మొదటి పది బారల్లో బాగానే ఉంది. ఆ తర్వాత వచ్చిన కాడ్‌కి తల ఉంది, తోక ఉంది, మధ్యలో పొట్ట లేదు. గరిటెతో తీసినట్టు నున్నగా కొరికేసింది. కాలేయం, జన, కొవ్వు ఎక్కడుంటాయో సరిగ్గా అక్కడే కొరికింది. దాని వెనక ఇంకోటి అలాగే. ఆ రోజు మొదటి వలలో 31 కాడ్‌లు పడితే 9 ఇలాంటివే. కుర్రాడు ఒక్కొక్కటీ వలలోంచి విడదీసి సముద్రంలోకి విసిరేస్తున్నాడు. విడదీయడానికి మంచి చేపకి పట్టేంత టైమూ పడుతుంది, రూపాయి రాదు. నోటికాడ కూడు లాక్కున్నట్టే. బోటు వెనక ముప్పై అడుగుల దూరంలో నాలుగు నల్లటి తలలు నీళ్లలోంచి మమ్మల్నే చూస్తున్నాయి.

రెండో వల సగంలో రోలర్ ఆగి మూలిగింది. పైకొచ్చింది ఆ ఏడాది పుట్టిన సీల్ పిల్ల. మెడ చుట్టూ వల బిగుసుకుపోయి మునిగి చచ్చింది. బొచ్చు ఇంకా మెత్తగా, మీసాలకి నీటి బొట్లు. నేను పొడవు కొలిచి, ఆడో మగో చూసి, ఫోటో తీసి రాసుకుంటున్నాను. ఎవరూ మాట్లాడలేదు. కాసేపటికి కెప్టెనే అన్నాడు: "దీన్ని చంపాలని నేను రాలేదు. రాసుకో, రాసుకోవాల్సిందే. కానీ దీని చావుకి లెక్క అడిగేవాళ్లు వాషింగ్టన్‌లో ఉన్నారు. ఆ తొమ్మిది చేపల లెక్క అడిగేవాడెవడు?"

అప్పట్నుంచీ నాకు ఈ గొడవ అర్థమైంది అనుకుంటాను. కొంతమంది సంవత్సరాల తరబడి "సీళ్లు మొత్తం ఎన్ని టన్నులు తింటాయి" అని వాదించుకుంటారు. అసలు ముల్లు టన్నుల్లో లేదు. నష్టం ఎవరిది, లాభం ఎవరిది అన్నదాంట్లో ఉంది. సముద్రం మొత్తం మీద చూస్తే సీల్ కొరికే చేపలు సొమ్ములో చిన్నవే కావచ్చు. కానీ అవి అందరి వలల్లోనూ సమానంగా కొరకవు. దూరం పోయే పెద్ద ట్రాలర్‌కి నష్టం తక్కువ. ఒడ్డుకి దగ్గర్లో గిల్ నెట్ వేసే చిన్న బోటుకీ, గుంజలు పాతి గూడు వల కట్టే పాతకాలపు కుటుంబానికీ, గాలంతో స్ట్రైప్డ్ బాస్ పట్టేవాడికీ మొత్తం దెబ్బ. లాభం మాత్రం ఇంకోచోట. టికెట్ పెట్టి సీళ్లని చూపించే పడవలు, సీల్ బొమ్మ ఉన్న టీషర్టులమ్మే కొట్లు, ఆ కొట్ల పక్కన హోటళ్లు. మీరు పిల్లలతో వెళ్లి ఖర్చుపెట్టిన డబ్బులో ఆ కెప్టెన్‌కి ఎంత వచ్చిందో ఆలోచించండి.

మన దగ్గర అడవి పందుల సంగతి తెలుసు కదా. తెలంగాణలో మొక్కజొన్న చేను ఒక్క రాత్రిలో దున్నినట్టు చేస్తాయి. రాష్ట్రం మొత్తం దిగుబడిలో అది ఎంత శాతం అని లెక్కేసి "పెద్ద నష్టం కాదు" అంటే ఆ రెండెకరాల రైతు ఏమంటాడు? ఇదీ అంతే. స్వీడన్, ఫిన్లాండ్‌లలో సీళ్లు కొరికిన చేపలకి, చింపిన వలలకి ప్రభుత్వం పరిహారం ఇస్తుంది. అమెరికాలో అలాంటిది లేదు. పైగా వలలో సీల్ చచ్చినా గాయపడినా వేట నుంచి తిరిగొచ్చిన 48 గంటల్లో మత్స్యకారుడే తెలియజేయాలి. నియమం సరైనదే, కానీ ఒకవైపే నడిచే నియమం మనిషికి మంటెక్కిస్తుంది.

ఇంకో తమాషా. హార్బర్ పోర్పస్ అనే చిన్న డాల్ఫిన్ లాంటి జీవి వలలో పడకుండా గిల్ నెట్‌లకి కీచుమని శబ్దం చేసే పరికరాలు కట్టాలని 1990ల చివర్లో నియమం వచ్చింది. పోర్పస్‌లు దూరంగా పోయాయి. సీళ్లకి మాత్రం అది భోజనం గంట అయిందని నేను ఎక్కిన ప్రతి బోటు మీదా విన్నాను.

ఇక సొరలు. మీరు చూసిన ఊదా జెండా అక్కడ వేసవంతా ఎగురుతూనే ఉంటుంది. అంటే ఆ రోజు సొర కనిపించిందని కాదు, ఈ నీళ్లలో ఉంటాయి జాగ్రత్త అని. సీళ్లు వచ్చాయి కాబట్టి గ్రేట్ వైట్‌లు అనే ఈ తెల్ల సొరలు వచ్చాయి, ఇందులో దాపరికం లేదు. రాష్ట్ర మత్స్యశాఖ శాస్త్రవేత్త గ్రెగ్ స్కోమల్ బృందం 2009లో చాటమ్ దగ్గర సొరలకి సంకేతాలు పంపే ట్యాగ్‌లు పెట్టడం మొదలుపెట్టింది. 2015 నుంచి 2018 దాకా నాలుగేళ్లలో కేప్ కాడ్ నీళ్లకి వచ్చిపోయిన వేర్వేరు సొరలు 800 దాకా ఉంటాయని తర్వాత లెక్క తేల్చారు. ఒకేసారి 800 ఉన్నాయని కాదు.

2018 సెప్టెంబరు 15న వెల్‌ఫ్లీట్‌లోని న్యూకమ్ హాలో బీచ్‌లో ఒక యువకుడు సొర దాడిలో చనిపోయాడు. మసాచుసెట్స్‌లో 1936 తర్వాత అదే మొదటి మరణం. అంతకు నెల ముందే పక్క ఊరు ట్రూరోలో ఇంకొకాయన తీవ్రంగా గాయపడి బతికాడు. ఆ శీతాకాలం ఊరి సభలకి నేను కూడా వెళ్లాను. అప్పటిదాకా సీళ్ల ఊసే పట్టని ఇళ్ల యజమానులు, సర్ఫింగ్ కుర్రాళ్లు కూడా లేచి "సీళ్లని తగ్గించాలి" అన్నారు. అంటే అంతకుముందు పదేళ్లు మత్స్యకారుడు అరిస్తే వినపడని మాట, ఈతగాడు అనేసరికి వినపడింది. వెనక వరుసలో కూర్చున్న ఒక ముసలాయన నవ్విన నవ్వు నాకింకా గుర్తే.

మరి తగ్గించేయొచ్చు కదా అన్న మూడో ప్రశ్న. నా మాట: పని జరగదు. మొదటి కారణం, కేప్ కాడ్ సీళ్లు విడిగా ఒక మంద కాదు. కెనడా లెక్కల ప్రకారం 2021లో అక్కడి గ్రే సీళ్లు 3 లక్షల 60 వేలకి పైనే. ఇక్కడ ఐదు వేలు చంపితే ఖాళీ అయిన ఇసుక మీదికి అక్కడి నుంచి మళ్లీ వస్తాయి. చెరువులో నీళ్లు చెంబుతో తోడి కాలవ మూయకుండా వదిలినట్టు. రెండోది, కెనడా ఈ పని చేసి చూసింది. చేపల్లో పురుగు పెరుగుతోందని 1967 నుంచి 1983 దాకా పిల్లలు పెట్టే చోట్ల సీళ్లని ప్రభుత్వమే చంపించింది, తలకి వెల కూడా కట్టింది. అయినా జనాభా పెరుగుతూనే వచ్చింది. 2012లో కెనడా సెనేట్ కమిటీ నాలుగేళ్లలో 70 వేల సీళ్లని చంపమని సిఫారసు చేసింది. అది అమలుకి రాలేదు. మూడోది, ఎన్ని తగ్గిస్తే సొర రాకుండా పోతుందో చెప్పగల మనిషి లేడు. సగం సీళ్లని చంపినా మిగిలిన సగం ఆకలిగొన్న సొరకి చాలు.

మరి ఆ కెప్టెన్ అడిగితే ఏం చెప్తావంటే, వలని మార్చే దారే కొంచెం పనికొస్తుందని చెప్తాను. బాల్టిక్ సముద్రంలో కథ ఇంకా ఘోరం. 20వ శతాబ్దం మొదట్లో లక్ష దాకా ఉన్న గ్రే సీళ్లు, వేటవల్లా పరిశ్రమల విషాలవల్లా 1970లకి కొన్ని వేలకి పడిపోయాయి. ఇప్పుడు మళ్లీ నిండాయి, మత్స్యకారుల గోలా నిండింది. స్వీడన్ వాళ్లు గిల్ నెట్ నుంచి కొందరిని మాన్పించి, గట్టి దారంతో రెండు పొరల గోడ ఉన్న బోను వలకి మళ్లించారు. లోపల చేప, బయట సీల్, మధ్యలో ఖాళీ. గాలి నింపితే బోను మొత్తం నీటి పైకి తేలుతుంది. సాల్మన్‌కి బాగా పనిచేసింది. అయితే కేప్ కాడ్ దగ్గర అలలు, ఇసుక కదలిక వేరు, టేకు చేప, మాంక్‌ఫిష్ బోనులో దూరే రకం కాదు. అచ్చంగా దించుకుంటే కుదరదు. చాటమ్‌లో చాలామంది ఇప్పటికే డాగ్‌ఫిష్ అనే చిన్న సొర, టేకుల మీద బతుకుతున్నారు. ఆ డాగ్‌ఫిష్ ఇంగ్లండ్ పోయి అక్కడి వేపుడు చేప దుకాణాల్లో తేలుతుంది. ఇక్కడ ఎవరూ తినరు. మన పాల సొర పుట్టు రుచి తెలియని దురదృష్టవంతులు.

ఒక చిన్న పక్క మాట. మన దేశంలో వన్యప్రాణి రక్షణ చట్టం కూడా వచ్చింది 1972లోనే, సెప్టెంబరులో. మా తీరంలో సీళ్లు లేవు కానీ ఆలివ్ రిడ్లే తాబేళ్లున్నాయి. చలికాలం చివర్లో శ్రీకాకుళం నుంచి కాకినాడ దాకా గుడ్లు పెట్టడానికి వస్తాయి, ట్రాల్ వలల్లో పడి చచ్చినవి ఒడ్డుకి కొట్టుకొస్తాయి. తాబేలు తప్పించుకునే తలుపు వలకి పెట్టలేదని 2019 నుంచి సముద్రంలో పట్టిన మన రొయ్యని అమెరికా కొనడం లేదు. చెరువుల్లో పెంచే వనామీ రొయ్యకి ఆ బాధ లేదు కాబట్టి భీమవరం వైపు పెద్దగా తెలియలేదు, దెబ్బ తిన్నది మళ్లీ బోటు వాళ్లే. మా చిన్నాన్న ఫోన్‌లో అంటాడు, "ఒరే, నువ్వు అక్కడ సీళ్లకి కాపలా, ఇక్కడ మేం తాబేళ్లకి దొంగలమా?" నా దగ్గర మంచి జవాబు లేదు. కానీ మన దగ్గర వేట నిషేధం రోజులకి భృతి ఇస్తారు. జంతువు కోసమో చేప గుడ్ల కోసమో ఒకణ్ణి ఆగమన్నప్పుడు వాడి పొయ్యి సంగతి కూడా చూడాలన్న ఆలోచన అందులో ఉంది. చాలదు, ఆలస్యంగా వస్తుంది, అయినా ఉంది. అమెరికా తీరంలో సీళ్ల విషయంలో ఆ మాత్రం కూడా లేదు.

కింద కామెంట్లలో ఎవరో "సీళ్ల వల్ల చేపల్లో పురుగులు, తినొచ్చా" అని అడిగారు. నిజమే, కాడ్ మాంసంలో కనిపించే గోధుమరంగు చుట్ట పురుగు గుడ్లు పెట్టేది సీల్ కడుపులోనే. ఫ్యాక్టరీల్లో దీపపు బల్ల మీద చేప ముక్క పెట్టి ఏరేస్తారు. 63 డిగ్రీల వేడి దాటితే చచ్చిపోతుంది. పులుసు ఉడికితే భయం లేదు. పచ్చిగా తినేవాళ్లు మాత్రం మైనస్ 20 డిగ్రీల్లో వారం రోజులు గడ్డకట్టించింది కొనుక్కోవాలి.

మళ్లీ వెళ్తే మీ పిల్లలకి పనికొచ్చే నాలుగు మాటలు.

చాటమ్ రేవుకి మధ్యాహ్నం వెళ్లండి, బోట్లు దించే వేళ. పైన చెక్క మెట్టు మీద నుంచి చూడండి. చేప ముక్క విసరకండి, అది నేరం. మనం అలవాటు చేసిన సీల్ రేపు ఇంకొకరి గాలం దగ్గరికి పోతుంది. ఈతకి దిగితే సీళ్లున్న చోటికి దూరంగా, నడుం లోతు దాటకుండా ఉండండి. తెల్లారుజామున, సాయంత్రం పొద్దు గూకే వేళ అసలు వద్దు. సీళ్ల గుంపు ఒక్కసారిగా ఒడ్డుకి పరిగెత్తితే వెంటనే బయటికి రండి.

చలికాలంలో, జనవరి ప్రాంతంలో వెళ్తే ఒడ్డున ఒంటరిగా పడుకున్న తెల్లబొచ్చు పిల్ల కనిపించొచ్చు. పెద్ద పెద్ద నల్లటి కళ్లలో నీళ్లు కారుతుంటాయి. ఏడుస్తోందనుకుంటారు. కాదు, సీళ్ల కళ్లు ఎప్పుడూ అలాగే కారతాయి. తల్లి దానికి పాలిచ్చేది పదిహేడు పద్దెనిమిది రోజులే. ఆ పాలలో సగానికి పైగా కొవ్వు, 15 కిలోలతో పుట్టింది ఆ కొద్ది రోజుల్లో 45 కిలోలవుతుంది. తర్వాత తల్లి ఈత కూడా నేర్పకుండా వెళ్లిపోతుంది. పిల్ల వారాల తరబడి ఆ కొవ్వు మీదే పడుకుని ఉంటుంది. దానికి సాయం అక్కర్లేదు. 150 అడుగుల దూరంలో ఆగి, కుక్క ఉంటే తాడు బిగించి, గాయం కనిపిస్తే అక్కడి జంతు రక్షణ సంస్థ నంబరుకి ఫోన్ చేయండి. ప్రతి బీచ్ బోర్డు మీదా ఉంటుంది.

పోయిన ఏడాది ఒకాయన మంచి మనసుతో ఒక పిల్లని తడి తువ్వాల్లో చుట్టి కారు వెనక సీట్లో వేసుకుని మా దగ్గరికి తెచ్చాడు. సీటు కవరు చిరిగిపోయింది, ఆయన చేతికి తొమ్మిది కుట్లు పడ్డాయి. పిల్లని మళ్లీ అదే ఒడ్డున దించాం, తెల్లారేసరికి లేదు.